రెండు రోజుల్లో కలంకారీ: తిరుపతి చుట్టుపక్కల వీకెండ్ వర్క్‌షాప్‌లకు వెళ్లేవారికి సమగ్ర మార్గదర్శి

బట్టమీద చేసే పని ఏదైనా నేర్చుకోవాలన్న కోరిక ఉన్నవాళ్లకు తిరుపతి చాలా అనువైన ఊరు. ఆర్టీసీ బస్సెక్కితే గంట, గంటంబావులో శ్రీకాళహస్తి. గూడూరు వైపు వెళ్లే రైలెక్కితే వెంకటగిరి. పుత్తూరు, నారాయణవనం మీదుగా నగరి దాకా వెళ్తే దారి పొడుగునా మగ్గాలున్న ఊళ్లే. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు వచ్చాక శ్రీకాళహస్తి, వెంకటగిరి రెండూ తిరుపతి జిల్లాలోనే ఉన్నాయి. అంటే దేశమంతా పేరున్న రెండు బట్టల కళలు, శ్రీకాళహస్తి కలంకారీ, వెంకటగిరి నేత, మన జిల్లాలోనే పుట్టి పెరిగినవి.

అయినా కలంకారీ వర్క్‌షాప్‌కి వెళ్లొచ్చినవాళ్లలో ఎక్కువమంది అక్కడ చేసిన ఒక్క ముక్కతో ఆగిపోతారు. శనివారం, ఆదివారం ఉత్సాహంగా రంగులు వేసి, ఫోటో తీసుకుని, ఫ్రేమ్ కట్టించి గోడకు తగిలిస్తారు. రెండో ముక్క ఇంట్లో చేద్దామని కూర్చుంటే రంగు పాకిపోతుంది, నలుపు నలుపుగా రాదు. చెయ్యి తిరగకపోవడం వల్ల అలా జరిగిందనుకుంటారు కానీ కాదు. వర్క్‌షాప్‌లో వాళ్ల చేతికి కరక్కాయ, పాలు ముందే పట్టించి ఆరబెట్టిన బట్ట ఇచ్చారు. ఆ బట్ట ఎలా తయారైందో చూపించలేదు. కలంకారీలో సగానికి పైగా పని బొమ్మ మొదలుపెట్టకముందే అయిపోతుంది. అందుకే ఈ గైడ్‌లో రంగుల కన్నా బట్ట గురించే ఎక్కువ రాశాను.

ముందు ఒక్క పని ఎంచుకోండి

కలంకారీ, మగ్గం వర్క్, బ్లాక్ ప్రింటింగ్, టై అండ్ డై, క్రోషే, నేత అన్నీ చూడ్డానికి బాగుంటాయి. ఒక వారం ఇది, ఇంకో వారం అది అని తిరిగితే ఏదీ చేతికి రాదు. కనీసం మూడు నెలలు ఒక్కదానితోనే ఉండండి.

ఏది ఎంచుకోవాలన్నది మీకున్న టైమును బట్టి ఉంటుంది. బ్లాక్ ప్రింటింగ్, టై అండ్ డై ఒక్క రోజులో ఫలితం చూపిస్తాయి, పిల్లలతో వెళ్లడానికి బాగుంటాయి. మగ్గం వర్క్‌లో రెండు రోజుల్లో మూడు నాలుగు కుట్లు తెలుస్తాయి, కానీ రోజూ అరగంట కూర్చోకపోతే వారానికే మర్చిపోతాం. క్రోషేకి వర్క్‌షాప్ అక్కర్లేదు, తెలిసిన పిన్నిగారో పక్కింటి అక్కో చాలు. నేత రెండు రోజుల్లో వచ్చేది కాదు, చూసి అర్థం చేసుకోవడానికి మాత్రం వెళ్లాలి.

తిరుపతిలో ఉండేవాళ్లకు నా సలహా కలంకారీతో మొదలుపెట్టమనే. నేర్పేవాళ్లు దగ్గరలో ఉన్నారు. సరుకంతా మన మూలికల షాపుల్లో, పాలబూత్‌లో, పాత ఇనుప సామాన్ల కొట్లో దొరుకుతుంది. గ్యాస్ స్టవ్, మిద్దె మీద ఎండ, రెండు బక్కెట్ల నీళ్లు ఉంటే ఇంట్లో కొనసాగించవచ్చు.

ఒక విషయం ముందే తెలిసుండాలి. కలంకారీ అనే పేరుతో మన రాష్ట్రంలో రెండు సంప్రదాయాలున్నాయి. కృష్ణా జిల్లా పెడన, మచిలీపట్నం వైపు చెక్క అచ్చులతో అద్దుతారు. శ్రీకాళహస్తిలో వెదురు కలంతో చేత్తో గీస్తారు. రామాయణం, భారతం, దశావతారాల కథలను వరుసలుగా గీసి, కింద తెలుగులో ఆ కథ రాసిన పెద్ద పెద్ద గుడ్డలు ఇక్కడి ప్రత్యేకత. దీనికి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా ఉంది. ఈ కళ దాదాపు మరుగున పడిపోతున్న దశలో, 1950ల్లో హస్తకళల పునరుద్ధరణకు కృషి చేసిన కమలాదేవి చటోపాధ్యాయ చొరవతో శ్రీకాళహస్తిలో శిక్షణ మొదలై మళ్లీ నిలదొక్కుకుంది. 2008లో పద్మశ్రీ అందుకున్న జె. గురప్ప చెట్టి ఈ ఊరి కళాకారుడే. మీరు వెళ్లే వర్క్‌షాప్ ఈ రెండింటిలో ఏది నేర్పుతుందో ముందే కనుక్కోండి.

ఫోన్‌లోనే నాలుగు మాటలు అడగండి

వర్క్‌షాప్‌లు ఎక్కడ జరుగుతాయంటే, తిరుచానూరు రోడ్డులోని శిల్పారామం, కాలేజీలు, చేనేత హస్తకళల ఎగ్జిబిషన్లు చూస్తూ ఉండాలి. వీటన్నిటికన్నా నాకు నచ్చేది శ్రీకాళహస్తిలో కళాకారుల ఇళ్లలో నేర్చుకోవడం. ముగ్గురు నలుగురు కలిసి ముందుగా మాట్లాడుకుని వెళ్తే ఒప్పుకునేవాళ్లు ఉంటారు. ఇంట్లో నేర్చుకుంటే వాళ్లు రోజూ చేసే పని కళ్లముందు జరుగుతూ ఉంటుంది. ఒక మూల పాలలో ముంచిన బట్ట ఆరుతుంది, ఇంకో మూల కుండలో నల్లరంగు పులుస్తుంది. అడక్కుండానే ఎన్నో తెలుస్తాయి.

అన్నిటికన్నా ముందు అడగాల్సింది: "బట్టకు కరక్కాయ, పాలు పట్టించడం మా చేత చేయిస్తారా, లేక రెడీగా ఇస్తారా?" చేయిస్తామంటే మిగతా ప్రశ్నలు అడగండి. రెడీగా ఇస్తామంటే, "ఒక చిన్న ముక్క మాత్రం మా చేత చేయించండి" అని కోరండి. మంచి గురువు కాదనరు.

తర్వాత రంగుల సంగతి. సీసాల్లో వచ్చే ఫ్యాబ్రిక్ పెయింట్లతో చేయిస్తే దాన్ని బట్టమీద పెయింటింగ్ అనాలి. అదీ మంచి విద్యే, కానీ మీరు డబ్బు కట్టేది కలంకారీకి. మంజిష్ఠ (ఎరుపునిచ్చే వేరు), కరక్కాయ, దానిమ్మ తొక్క, పటిక, ఇనుప నీళ్లు అనే పేర్లు వినపడితే సరైన చోటికి ఫోన్ చేశారన్నమాట.

ఒక గురువుకు ఎంతమంది అని కూడా అడగండి. ఎనిమిది, పదిమంది దాటితే మీ చెయ్యి పట్టుకుని గీత గీయించే తీరిక వాళ్లకు ఉండదు. నేర్పేది కళాకారులేనా, నిర్వాహకులేనా అన్నదీ తెలుసుకోండి. ఫీజులో బట్ట, రంగులు, భోజనం ఉన్నాయా, చివర్లో కలం మీరు తీసుకెళ్లొచ్చా అన్నవి చిన్న విషయాలే అయినా ముందే తేల్చుకుంటే అక్కడ మొహమాటం ఉండదు.

ఎప్పుడు వెళ్లాలి

ఎండ లేకపోతే కలంకారీ లేదు. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ రోజుల్లో పాలు పట్టించిన బట్ట ఆరక పుల్లటి వాసన పట్టేస్తుంది, మచ్చలు తేలుతుంది. జనవరి నుంచి మార్చి మంచి కాలం. ఏప్రిల్, మేలలో బట్ట అరగంటలో ఆరుతుంది కానీ మనుషులు తట్టుకోలేరు. ఆ నెలల్లో అయితే పొద్దున ఏడింటికే మొదలుపెట్టే వర్క్‌షాప్ చూసుకోండి.

శ్రీకాళహస్తి రాహుకేతు పూజల ఊరు. ఆదివారం బస్సులు, హోటళ్లు కిటకిటలాడతాయి. శివరాత్రి బ్రహ్మోత్సవాల వారం అసలు పెట్టుకోవద్దు. శనివారం పొద్దున్నే మొదటి బస్సుల్లో వెళ్లి, రాత్రి అక్కడే ఉండి, ఆదివారం మధ్యాహ్నానికల్లా ముగించుకుని బయల్దేరడం సుఖం. రాత్రి అక్కడ ఉండటంలో ఇంకో లాభం కూడా ఉంది: శనివారం గీసిన నలుపు రాత్రంతా బట్టను పట్టుకోవడానికి టైము దొరుకుతుంది.

వెళ్లే ముందు వారం

బొమ్మలు వేయడం రాదని టెన్షన్ పడొద్దు. గీత మీద పట్టు ఉంటే చాలు. రోజూ పావుగంట పాత న్యూస్‌పేపర్ మీద బ్రష్‌తో పొడుగాటి గీతలు, వంపులు, మామిడిపిందెలు, తీగలు గీయండి. చెయ్యి ఎత్తకుండా ఒకే ఊపులో తీగ తిప్పడం అలవాటైతే అక్కడ సగం పని సులువవుతుంది.

ఈ వారంలోనే ఇంట్లో ఒక మీటరు గాడా బట్ట సిద్ధం చేసుకోండి. తెల్లగా బ్లీచ్ చేయని, కాస్త ముతకగా ఉండే నూలు బట్ట ఇది. షాపులో దొరికే బట్టకు గంజి ఉంటుంది. గంజి పోకపోతే కరక్కాయ నీళ్లు దారంలోకి దిగవు. రాత్రంతా మంచినీళ్లలో నానబెట్టి, పొద్దున బాగా పిండి ఉతికి, మళ్లీ నీళ్లు మార్చి నానబెట్టండి. ఇలా రెండుమూడు సార్లు చేశాక ఆరబెట్టి, దాని మీద వేలితో ఒక నీటిచుక్క వేయండి. చుక్క ముత్యంలా పైన నిలబడితే గంజి ఇంకా ఉన్నట్టు. పడీపడగానే లోపలికి ఇంకిపోతే బట్ట సిద్ధం. నలుమూలలా, మధ్యలో కూడా చూడండి, ఒక్కోచోట గంజి మొండిగా ఉంటుంది. ఉతికేటప్పుడు కంఫర్ట్‌లాంటి మెత్తదనం ఇచ్చే ద్రవాలు వాడొద్దు, అవీ గంజిలాగే అడ్డుపడతాయి.

వేసుకునే బట్టలు పాతవి వేసుకెళ్లండి. ఇనుప నీళ్లు కరక్కాయ తగిలిన చోట పడితే ఆ మరక ఇక పోదు. నేలమీద కూర్చుని చేసే పని కాబట్టి మోకాళ్ల నొప్పులున్నవాళ్లు చిన్న పీట అడిగి తీసుకోండి.

మొదటి రోజు పొద్దున: కరక్కాయ, పాలు

కరక్కాయను పగలగొట్టి గింజ తీసేసి పెచ్చును మాత్రమే పొడి కొట్టాలి. అందులోని వగరే అసలు సరుకు. ఆ వగరు దారానికి పట్టుకుని ఉంటుంది. తర్వాత ఇనుము తగిలితే నల్లబడుతుంది, పటిక తగిలితే దాన్నీ గట్టిగా పట్టుకుంటుంది. పాలు ఎందుకంటే, పాలలోని వెన్న దారం చుట్టూ పల్చటి పొరలా ఏర్పడి రంగును గీత దాటి పాకనివ్వదు. ఈ రెండింటి పని అర్థమైతే తర్వాత వచ్చే తప్పులన్నిటికీ కారణం మీరే చెప్పుకోగలరు.

మీటరు బట్టకు నేను వాడే కొలత కరక్కాయ పొడి 25 గ్రాములు, కాచని గేదె పాలు అర లీటరు. ఒక్కో ఇంట్లో ఒక్కో కొలత ఉంటుంది, మీ గురువు చెప్పినదే పాటించండి. ప్యాకెట్ పాలు పనికిరావా అని ఒక పెద్దాయన్ని అడిగితే, "వెన్న తీసేసిన పాలతో ఏం నిలబడుతుందమ్మా, ఎనుము పాలే కావాల" అన్నారు. ఊళ్లో దొరక్కపోతే ఫుల్ క్రీమ్ ప్యాకెట్‌తో నడుస్తుంది కానీ గీత అంచు అంత పదునుగా రాదు.

పొడిని కొంచెం నీళ్లలో గంటసేపు నానబెట్టి, వడగట్టి, పాలలో కలపండి. వగరు తగిలి పాలు విరగడం మొదలవుతుంది కాబట్టి కలిపిన వెంటనే బట్ట ముంచాలి. పదిహేను ఇరవై నిమిషాలు చేత్తో తిప్పుతూ, ప్రతి మడతలోకీ దిగేలా పిసకండి. ఇక పిండటం జాగ్రత్త. అన్ని చోట్లా ఒకేలా పిండాలి. ఒక చోట గట్టిగా, ఒక చోట వదులుగా పిండితే ఆరాక పసుపు చారలు కనపడతాయి, నలుపు కూడా ఆ చారల ప్రకారమే ఎక్కువతక్కువగా వస్తుంది. ఇద్దరు ఎదురెదురుగా పట్టుకుని మెలిపెడితే సమంగా వస్తుంది.

తర్వాత మడతలు లేకుండా ఎండలో పరచండి. తాడు మీద వేస్తే తాడు గుర్తు పడుతుంది, అందుకే శుభ్రమైన నేల మీదో, మిద్దె మీదో పరుస్తారు. ఒకవైపు ఆరాక తిరగేయండి. ఆరిన బట్ట లేత పసుపు రంగులో, కాస్త బిరుసుగా ఉంటుంది. ఈ లోపు టీ తాగుతూ కూర్చోకండి, కలం కట్టడం నేర్చుకోండి.

మొదటి రోజు మధ్యాహ్నం: కలం, నలుపు, గీత

జానెడు పొడుగు వెదురు పుల్ల తీసుకుని ఒక చివర సన్నగా చెక్కుతారు. మొన నుంచి అంగుళం, అంగుళంన్నర పైన పాత కంబళి ముక్కో, గుడ్డపీలికో ఉండలా చుట్టి నూలు దారంతో బిగిస్తారు. ఆ గుడ్డ ఉండే కలానికి సిరా బుడ్డి. ఉండను రంగులో ముంచి, గిన్నె అంచుకు తాకించి ఎక్కువైనది వదిలేసి, గీసేటప్పుడు వేళ్లతో మెల్లగా నొక్కితే రంగు పుల్ల వెంట మొనలోకి దిగుతుంది. గీతలకు పదును మొన, లోపల నింపడానికి మొద్దు మొన ఉన్న కలం వేరేగా ఉంచుకుంటారు. కలం మీరే కట్టుకోండి. మీ వేళ్ల పొడుగుకు తగ్గట్టు ఉండ ఎక్కడ ఉండాలో రెండుసార్లు కట్టి విప్పితే కానీ తెలియదు.

నలుపు రంగుకు ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లు కలిపి పులియబెడతారు. కసిమి అంటారు దీన్ని, ముందు చెప్పిన ఇనుప నీళ్లు ఇవే. వర్క్‌షాప్‌లో ముందే పులిసినది ఇస్తారు, ఎందుకంటే ఇది కావడానికి రెండు మూడు వారాలు పడుతుంది. దాన్ని చూసి, వాసన చూసి గుర్తుపెట్టుకోండి. తర్వాత ఇంట్లో మీరు పెట్టుకున్నది అయిందో లేదో ఆ వాసనే చెబుతుంది.

బట్ట కింద కంబళి పరిచి, చింతపుల్లలు కాల్చి చేసిన బొగ్గుతో బొమ్మ లేతగా గీసుకుంటారు. ఆ బొగ్గు దులిపితే పోతుంది, పెన్సిల్ గీత పోదు. దాని మీద నలుపుతో కలం. మొదట గీత బూడిద రంగులో, నీళ్లతో గీసినట్టు కనపడుతుంది. కంగారుపడి మళ్లీ మళ్లీ దిద్దకండి. గాలి తగిలి కొద్ది నిమిషాల్లో మన కళ్లముందే నల్లబడుతుంది. ఆ మార్పు చూడటం కోసమైనా ఈ పని నేర్చుకోవాలి అనిపిస్తుంది నాకు.

చాలామంది మణికట్టు బిగించి, పెన్ను పట్టుకున్నట్టు పట్టి గీస్తారు. గీత వణుకుతుంది, మలుపు దగ్గర ఆగుతుంది. ఆగిన చోటల్లా రంగు దిగి చుక్క పడుతుంది. "ఆగొద్దమ్మా, గీత ఎక్కడ అయిపోతుందో ముందు అక్కడ చూడు, తర్వాత కలం పెట్టు" అని శ్రీకాళహస్తిలో ఒక అక్క చెప్పిన మాట నాకు వంద వీడియోల కన్నా ఎక్కువ ఉపయోగపడింది. చెయ్యి భుజం నుంచి కదలాలి, వేళ్లు ఉండను నొక్కడానికి మాత్రమే. మొదటి గంట బొమ్మ వద్దు, ఒక వేస్ట్ ముక్క మీద గీతలే గీయండి. తర్వాత తీగ, ఆకు, తామర. మనిషి ముఖం, కళ్లు మొదటి వర్క్‌షాప్‌లో పెట్టుకోవద్దు.

గీయడం అయ్యాక బట్టను రాత్రంతా అలాగే వదిలేయండి.

రెండో రోజు: ఉతకడం, ఎరుపు, పసుపు

పొద్దున మొదటి పని ఉతకడం. బట్టలో పట్టుకోకుండా మిగిలిన ఇనుము బయటికి వచ్చేటప్పుడు, నీళ్లు నిలవుంటే అదే బట్టలో తెల్లటి చోట్ల మళ్లీ కూర్చుంటుంది. అందుకే పారే నీళ్లు కావాలి, అందుకే ఈ కళ స్వర్ణముఖి నది ఒడ్డున పెరిగింది. ఏట్లో నీళ్లు లేని నెలల్లో మోటారు కింద, పెద్ద తొట్లలో ఉతుకుతారు. ఇంట్లో అయితే కుళాయి కింద బట్టను పరిచి పట్టుకుని నీళ్లు ధారగా పోయనివ్వండి, బక్కెట్‌లో ముంచి వదిలేయకండి.

సంప్రదాయ పద్ధతిలో ఎరుపు రావాల్సిన చోట్ల పటిక నీళ్లు కలంతో పెట్టి, ఆరనిచ్చి, ఉతికి, మంజిష్ఠలాంటి ఎర్ర సరుకులు వేసిన నీళ్లలో బట్ట మొత్తం ఉడికిస్తారు. పటిక ఉన్న చోట ఎరుపు నిలబడుతుంది, లేని చోట లేత మరకగా మాత్రమే ఉంటుంది. ఆ మరక పోవడానికి పేడనీళ్లలో నానబెట్టి, ఎండలో పరిచి నీళ్లు చల్లుతూ తెల్లబరుస్తారు. తర్వాత మళ్లీ పాలు పట్టించి పసుపు, నీలం వేస్తారు. మొత్తం కలిపితే ఇరవై దాకా దశలు. రెండు రోజుల్లో ఇవన్నీ చేయించడం ఎవరివల్లా కాదు. ఎక్కువ వర్క్‌షాప్‌లలో కాచిన రంగులో పటిక కలిపి నేరుగా కలంతో నింపిస్తారు. అది సరే, కానీ ఒక్క చిన్న ముక్కనైనా పాత పద్ధతిలో ఉడికించి చూపించమని అడగండి. ఎర్రటి నీళ్లలోంచి తీసిన గుడ్డ మీద పటిక పెట్టిన పువ్వు ఒక్కటే ముదురుగా తేలడం చూస్తే పటిక ఎందుకో ఇక ఎవరూ చెప్పక్కర్లేదు.

పసుపుకు కరక్కాయ పువ్వు వాడతారు, దానిమ్మ తొక్క కూడా బాగా పనిచేస్తుంది. నీలం మాత్రం ఈ రెండు రోజుల్లో ఆశించకండి. నీలిమందు నీళ్లలో కరగదు. దాన్ని వేరేగా పులియబెట్టి ఆకుపచ్చ పసుపు రంగు నీళ్లుగా మార్చి, అందులో ముంచి గాలికి తీస్తేనే నీలం అవుతుంది. అది వేరే వర్క్‌షాప్‌కు సరిపడా పని. ఆకుపచ్చ కావాలన్నా నీలం, పసుపు రెండూ కావాలి కాబట్టి మొదటి ముక్కను నలుపు, ఎరుపు, పసుపులతోనే ఆలోచించుకోండి.

రంగు నింపేటప్పుడు గీతకు మిల్లీమీటరు ఇవతలే ఆగండి. తడి దానంతటదే గీత దాకా వెళ్తుంది.

ఇంటికి వచ్చాక: అసలు నేర్చుకోవడం ఇక్కడ

సోమవారం నుంచి ఆఫీసు, పిల్లలు, వంట. పదిరోజులు గడిచిపోతే చేతిలో ఉన్నది పోతుంది. కాబట్టి వచ్చిన రాత్రే నలుపు కుండ పెట్టేయండి. లీటరు నీళ్లకు 100 గ్రాముల బెల్లం, దొరికితే అందులో సగం తాటిబెల్లం, గుప్పెడు తుప్పుపట్టిన మేకులో, ఇనుప రజనో. మట్టికుండ గానీ గాజు సీసా గానీ వాడండి. మూత బిగించవద్దు, లోపల గ్యాస్ పుడుతుంది. పల్చటి గుడ్డ కట్టండి. రెండు రోజులకొకసారి కర్రతో కలపండి. నురుగు వచ్చి, పుల్లటి వాసన వచ్చి, రెండు మూడు వారాల్లో నురుగు తగ్గుతుంది. కరక్కాయ పట్టించిన ముక్క మీద చుక్క వేసి చూడండి. నల్లబడితే వడగట్టి వాడుకోండి, బూడిదరంగులోనే ఉండిపోతే ఇంకో వారం ఉంచండి.

కుండ పులిసేలోగా బట్ట పని చేయండి. మీటరు బట్టను చేతిరుమాలంత ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కకు ఒక్క విషయం మార్చండి. ఒకదానికి పాలు లేకుండా కరక్కాయ నీళ్లు మాత్రమే. ఒకదానికి కరక్కాయ సగం. ఒకదానికి ప్యాకెట్ పాలు. ఒకదాన్ని ఎండలో, ఒకదాన్ని నీడలో ఆరబెట్టండి. ప్రతి ముక్క మూలనా ఏం చేశారో, తేదీ ఏమిటో రాయండి. నలుపు సిద్ధమయ్యాక అన్నిటి మీదా ఒకే తీగ గీయండి. పాలు లేని ముక్క మీద గీత ఎలా జుట్టులా పాకుతుందో, సరిగ్గా పట్టించిన దాని మీద ఎలా తీగలా నిలబడుతుందో పక్కపక్కన కనపడుతుంది. ఈ ముక్కల కట్ట ఎప్పటికీ దాచుకోవాల్సినది.

తప్పు వస్తే వెనక్కి వెతకండి. గీత పాకితే పాలు తక్కువయ్యాయి, లేదా కలంలో రంగు ఎక్కువైంది. నలుపు అక్కడక్కడా లేతగా ఉంటే పిండటం సమంగా లేదు, లేదా గంజి మిగిలింది. బట్ట మొత్తం బూడిదరంగు తిరిగితే ఉతికిన నీళ్లు చాలలేదు. నెలల తర్వాత నల్లగీత వెంట బట్ట చిరిగితే ఇనుము మరీ చిక్కగా ఉందని అర్థం, ఇనుము ఎక్కువైతే నూలును తినేస్తుంది.

పటిక, ఇనుప నీళ్లు, రంగులు కాచే గిన్నెలు వంటకు వాడొద్దు. పాత స్టీలు గిన్నెలు రెండు వీటికే విడిగా పెట్టేయండి. ఇనుప గిన్నెలో ఎరుపు కాస్తే ముదిరి నల్లగా తిరుగుతుంది. నలుపు కుండ పిల్లలకు అందని చోట ఉంచండి.

మగ్గం వర్క్‌కు వెళ్లేవారికి

ఇది నేత కాదు, ఫ్రేమ్‌కు బిగించిన బట్ట మీద సూదితో చేసే ఎంబ్రాయిడరీ. ఇక్కడ విషయం తక్కువ, సాధన ఎక్కువ. ఫ్రేమ్‌కు బట్ట డప్పులా బిగించడమే మొదటి పాఠం. వదులుగా ఉంటే ఆరీ సూది (మొనకు కొక్కెం ఉన్న సూది) దారాన్ని పైకి లాగలేదు. కుడిచెయ్యి పైన సూది, ఎడమచెయ్యి కింద దారం. సూది కొక్కెం దిగేటప్పుడు ఒకవైపు, పైకి వచ్చేటప్పుడు మరోవైపు తిరగాలి. అది చేతికి వచ్చేదాకా గొలుసు కుట్టు ఒక్కటే కుట్టండి. పూసలు, జర్దోసీ (జరీ తీగతో చేసే పని) తర్వాత. మొదటి రోజే బ్లౌజ్ డిజైన్ పూర్తి చేయిస్తామనే చోట్ల కుట్టు నేర్పరు, అతికించడం నేర్పుతారు. గట్టి కాటన్ బట్ట మీద నేర్చుకోండి, పట్టు మీద కాదు. రాత్రిపూట ట్యూబ్‌లైట్ కింద గంటలు గంటలు కుడితే కళ్లు దెబ్బతింటాయి, పగటి వెలుతురులో కూర్చోండి.

నేత చూడ్డానికి వెళ్లేవారికి

వెంకటగిరి చీరలంటే సన్న నూలు, జరీ అంచు, జాంధానీ పువ్వులు. వెలుగోటి రాజుల ఆదరణలో పెరిగిన నేత అది. దీనికీ భౌగోళిక గుర్తింపు ఉంది. ప్రగడ కోటయ్య పేరు మీద చేనేత సాంకేతిక విద్యాసంస్థ కూడా అక్కడే ఉంది. ఒక శనివారం వెళ్లి గుంటమగ్గం మీద జాంధానీ పువ్వు ఎలా పడుతుందో చూస్తే, చీర ధర ఎందుకు అంత ఉంటుందో మళ్లీ అడగరు. అడ్డంగా వెళ్లే ప్రతి పేక పోగు తర్వాత, పువ్వు రంగు దారాన్ని విడిగా, చేత్తో, నిలువుగా ఉండే పడుగు పోగుల మధ్య తిప్పుతారు. వేలెడంత పువ్వుకు అలా ఎన్నో వరుసలు.

వెళ్లినప్పుడు మగ్గం మీదే చూపు పెట్టకండి. ఆసు పోయడం (నేతకు దారాలు వరుసగా సిద్ధం చేయడం), కండెలు (దారం చుట్టే చిన్న గొట్టాలు) చుట్టడం, పడుగు అతకడం అన్నీ చూడండి. వీటిలో చాలా పనులు ఇంట్లో ఆడవాళ్లు చేస్తారు, చీర మీద వాళ్ల పేరు ఎక్కడా ఉండదు. కండె చుట్టడం మాత్రం మీరు అడిగి చేసి చూడొచ్చు. దారం తెగకుండా ఒక్క కండె చుట్టగలిగితే చాలు, ఆ రోజు వృథా కాలేదు.

నేసేవాళ్లకు కూలి చీర లెక్కన వస్తుంది. మీతో మాట్లాడిన గంట వాళ్లకు నేత ఆగిన గంట. కాబట్టి ముందే మాట్లాడుకుని, గంటకింత అని ఇవ్వండి. "ఊరికే చూసి పోతాం" అనడం మర్యాద కాదు. ఫోటోలు, వీడియోలు అడిగాకే తీయండి. డిజైన్ వాళ్ల జీవనాధారం, దాన్ని దగ్గరగా తీసి ఇన్‌స్టాలో పెడితే మరమగ్గం మీదకి చేరడానికి ఎంతో కాలం పట్టదు. కలంకారీ ఇళ్లలో కూడా ఇదే పద్ధతి.

ఆ తర్వాత

మూడు నెలల సాధన తర్వాత అదే గురువు దగ్గరికి మళ్లీ వెళ్లండి. కొత్త చోటికి వద్దు. మీ ముక్కల కట్ట తీసుకెళ్లి ముందు పెట్టండి. ఏ ముక్క ఎందుకు చెడిందో చూసి వాళ్లు చెప్పే పది నిమిషాలు మొదటి రెండు రోజులకు సమానం. ఈసారి పాత పద్ధతి ఎరుపు, పేడనీళ్లతో తెల్లబరచడం, రెండోసారి పాలు పట్టించడం నేర్పమని అడగండి. ఇది రెండు రోజుల్లో తేలదు, రెండు మూడు వారాంతాలు వరుసగా కేటాయించాలి.

ఇంకా లోతుగా వెళ్లాలనుకుంటే తిరుపతిలో టీటీడీ నడిపే సాంప్రదాయ శిల్పకళా సంస్థలో కలంకారీకి రెండేళ్ల సర్టిఫికెట్ కోర్సు ఉంది. చదువు అయిపోయిన పిల్లలు ఇంట్లో ఉంటే ఈ కోర్సు గురించి చెప్పండి.

మీరు చేసినవి బంధువులకు ఇచ్చినా, నాలుగు అమ్మినా సంతోషమే. అయితే శ్రీకాళహస్తి కలంకారీ అనే పేరు పెట్టి అమ్మకండి. ఆ పేరు అక్కడి కళాకారులకు చట్టం ఇచ్చిన గుర్తింపు. "చేత్తో గీసినది, సహజ రంగులు" అని రాస్తే చాలు, అది నిజం కూడా. గురువు గీసిన బొమ్మను అచ్చు దింపి అమ్మడం అసలే వద్దు.

ఇచ్చేటప్పుడు ఒక చీటీ మీద ఉతికే పద్ధతి రాసి పెట్టండి: మొదటి రెండు ఉతుకులు విడిగా, చన్నీళ్లలో, కుంకుడుకాయ రసంతో. డిటర్జెంట్, బ్లీచింగ్ వద్దు. నీడలో తిరగేసి ఆరబెట్టాలి. నిమ్మరసం, చింతపులుసు మీద పడితే నలుపు కరిగిపోతుంది కాబట్టి టేబుల్ మీద పరిచే గుడ్డగా వాడేవాళ్లకు ఈ మాట తప్పకుండా చెప్పండి.